పైథాన్ వికీ డైరీ: ఎర్రర్ పేరే పేజీ పేరు

జూన్ 7, శనివారం

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవాళ్ల మా వాట్సాప్ గ్రూపులో ఈ రోజు కూడా అదే ప్రశ్న. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొడితే పైథాన్ రాకుండా మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటోందట. దీనికి నేను ఇదివరకే జవాబిచ్చాను, నాకన్నా ముందు ఇంకెవరో ఇచ్చారు. సెట్టింగ్స్‌లో యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియాస్ అనే చోటికి వెళ్లి పైథాన్ పక్కనున్న స్విచ్‌లు ఆపేసి, అసలు ఇన్‌స్టాలర్‌తో పెట్టుకుంటే సరిపోతుంది. కానీ వాట్సాప్‌లో పొద్దున ఇచ్చిన జవాబు సాయంత్రానికి పుట్టినరోజు శుభాకాంక్షల కింద పడి ఎవరికీ దొరకదు.

అందుకే జవాబులన్నీ ఒకచోట దొరికేలా, ఎవరైనా రాసి దిద్దగలిగే వికీ ఒకటి తెలుగులో పెడదామని తేల్చుకున్నాం. మేం అంటే విశాఖ మధురవాడలో టెస్టింగ్ ఉద్యోగం చేసే నేను, గాజువాక నుంచి వచ్చే డిప్లొమా కుర్రాడు, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఒక మేడమ్, స్టీల్‌ప్లాంట్‌లో రిటైరై ఈమధ్యే పైథాన్ పట్టుకున్న మా చిన్నాన్న. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గర కలిసి, పక్కనే టీ తాగుతూ ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో మాట్లాడుకున్నాం.

పైథాన్ వికీ కాబట్టి పైథాన్‌లో రాసిందే వాడాలని కుర్రాడి పట్టు. పైథాన్ వాళ్ల సొంత వికీ ఏళ్ల తరబడి మోయిన్‌మోయిన్ అనే వికీ సాఫ్ట్‌వేర్ మీదే నడిచింది, అది పైథాన్‌లో రాసిందే. కాకపోతే దాని 1.9 వెర్షన్‌కి పైథాన్ 2 కావాలి. పైథాన్ 2కి 2020 జనవరి 1తోనే మద్దతు ఆగిపోయింది. కొత్త సర్వర్ మీద దాన్ని ఎక్కించడం కోరి తలనొప్పి తెచ్చుకోవడమే.

డోకువికీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ నాకు నచ్చింది. డేటాబేస్ అక్కర్లేదు, ప్రతి పేజీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. కానీ ఫైలు పేర్ల దగ్గర తెలుగుకి ఇబ్బంది. డీఫాల్ట్‌గా అది తెలుగు పేరును శాతం గుర్తుల కోడ్‌గా మార్చి దాస్తుంది. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకి మూడు బైట్లు, ఒక్కో బైటుకి మూడు అక్షరాల కోడ్, అంటే గుర్తుకి తొమ్మిది. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. లెక్క వేస్తే ముప్పై గుర్తుల పేరు కూడా పట్టదు. సెట్టింగ్ మార్చి నేరుగా యూటీఎఫ్-8 పేర్లే పెట్టుకోవచ్చనుకోండి. అయినా మేడమ్ అన్న మాట అందరికీ నచ్చింది: "తెలుగు వికీపీడియాలో నాలుగు దిద్దుబాట్లు చేసినవాళ్లకి మీడియావికీ చెయ్యి తిరిగే ఉంటుందండీ. వాళ్లకి మళ్లీ కొత్తగా నేర్పడం ఎందుకు?" వికీపీడియా నడిచే ఆ మీడియావికీకే ఓటు పడింది.

జూన్ 14

చవగ్గా వస్తుందని ముందు షేర్డ్ హోస్టింగ్ తీసుకున్నాం. ఇన్‌స్టాల్ సాఫీగానే అయింది, కోడ్‌కి మాత్రం రంగులు రాలేదు. మీడియావికీ పీహెచ్‌పీ అనే వేరే భాషలో రాసిందే అయినా, కోడ్‌కి రంగులేసే ఎక్స్‌టెన్షన్ వెనకాల పిగ్మెంట్స్ అనే పైథాన్ లైబ్రరీని పిలుస్తుంది. అలా బయటి ప్రోగ్రామును పిలవాలంటే పీహెచ్‌పీలో ప్రాక్-ఓపెన్ అనే ఫంక్షన్ తెరిచి ఉండాలి. ఆ హోస్టింగ్ వాళ్లు దాన్ని మూసి ఉంచారు. అడిగితే భద్రత కోసమన్నారు. వాళ్ల కోణంలో న్యాయమే, మనకి మాత్రం పనికిరాదు.

"చూశారా అక్కా, ఎంత పీహెచ్‌పీ అయినా రంగులకి మన పైథానే దిక్కు" అని కుర్రాడు ఒకటే సంబరం.

జూన్ 18

ముంబై డేటా సెంటర్లో 2 జీబీ ర్యామ్‌తో చిన్న వీపీఎస్, అంటే మనకంటూ విడిగా ఇచ్చే సర్వర్. ఉబుంటు లినక్స్ 24.04, డేటాబేస్‌కి మరియాడీబీ, మీడియావికీ 1.43. ఈ 1.43 దీర్ఘకాల మద్దతున్న వెర్షన్, 2024 డిసెంబరులో వచ్చింది. మూడేళ్లపాటు భద్రతా అప్‌డేట్లు వస్తాయి కాబట్టి ఆర్నెల్లకోసారి అప్‌గ్రేడ్ టెన్షన్ లేదు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడే వికీ భాష తెలుగు అని ఎంచుకుంటే వాడుకరి, మూస, వర్గం, దస్త్రం, చర్చ అన్నీ తయారుగా వచ్చేస్తాయి. ఇటీవలి మార్పులు, వీక్షణ జాబితా కూడా. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైన దగ్గర్నుంచి వాళ్లూ వీళ్లూ ఓపిగ్గా అనువదించి పెట్టిన మాటలివి. మేం ఒక్క ముక్క అనువదించకుండా వికీ మొత్తం తెలుగులో కనిపించింది.

జూన్ 28, శనివారం

మొదటిసారి నలుగురం కాక బయటివాళ్లు కూడా వచ్చి రాశారు. కోడ్ అతికించడంలో ఇన్ని చిత్రాలు జరుగుతాయని ఎవరూ అనుకోలేదు.

ఒకమ్మాయి చిన్న ఫంక్షన్ రాసి, సోర్స్ ఎడిటర్లో నేరుగా అతికించి భద్రపరిచింది. పేజీ తెరిస్తే ఫంక్షన్ మొదలయ్యే డెఫ్ ఉన్న లైను మామూలు పేరాగా వచ్చింది. దాని కింద నాలుగు స్పేసులు వదిలి రాసిన లైన్లన్నీ బూడిదరంగు పెట్టెలో కూర్చున్నాయి, ఎందుకంటే స్పేసుతో మొదలయ్యే లైనును మీడియావికీ పెట్టెలో పెడుతుంది. హ్యాష్ గుర్తుతో రాసిన కామెంటు ఏకంగా "1." అంకెతో జాబితా అయిపోయింది, హ్యాష్ మాయం. మూడు సింగిల్ కోట్లతో పెట్టిన డాక్‌స్ట్రింగ్, అంటే ఫంక్షన్ వివరణ, బొద్దు అక్షరాల్లోకి మారింది, కోట్లు మాయం. ఎఫ్-స్ట్రింగులో రెండేసి మీసాల బ్రాకెట్లు వాడిన చోట, వికీ దాన్ని మూస (పేజీల్లో మళ్లీ మళ్లీ వాడే తయారు ముక్క) అనుకుని "మూస:పేరు" అని ఎర్ర లింకు పెట్టింది.

ఆ అమ్మాయి బిక్కమొహం వేసింది. ఇందులో ఆమె తప్పేం లేదు. పైథాన్‌కి ఏ గుర్తులు ముఖ్యమో వికీ రాతకీ అవే గుర్తులు ముఖ్యం, రెండూ ఒకే చోట కలిస్తే గొడవే. కోడ్ చుట్టూ సింటాక్స్‌హైలైట్ ట్యాగ్ పెడితే ఈ బాధలన్నీ పోతాయి. కానీ ఆ ట్యాగ్ గుర్తుపెట్టుకుని రాయమంటే కొత్తవాళ్లు పారిపోతారు. అందుకని ఎడిటర్ పట్టీలో "కోడ్ పెట్టు" అని ఒక బటన్ చేర్చాను. నొక్కితే ట్యాగ్ దానంతటదే వస్తుంది, భాష పైథాన్ అని కూడా నిండి ఉంటుంది. జావాస్క్రిప్ట్‌లో చిన్న పని, మొత్తం ప్రాజెక్టులో దీనంత ఉపయోగపడింది ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఇంకో చిన్న సంగతి. కోడ్ పెట్టెలో తెలుగు కామెంట్లు రాస్తే కింది ఒత్తులు తెగిపోతున్నాయి. లైన్ల మధ్య ఎడం ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకి సరిపెట్టి ఉండటం వల్ల. సీఎస్ఎస్‌లో ఎడం పెంచాక "స్త్రీ", "రాష్ట్రం" నిండుగా కనిపిస్తున్నాయి.

జూలై 5

పరిభాష గొడవ పెట్టుకోలేదు. లూపును లూపనే, లిస్టును లిస్టనే రాస్తున్నాం. ఎవరైనా "చలరాశి" అని వెతికితే వేరియబుల్ పేజీకి పోయేలా దారిమార్పు పెట్టాం. ఇంతే.

లైసెన్సు విషయం మాత్రం కాసేపు నడిచింది. రాతకి క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ 4.0. కోడ్‌కి కూడా అదే పెడితే, ఎవరైనా మా పేజీలోంచి ఐదు లైన్లు ఆఫీసు ప్రాజెక్టులో వాడుకోవాలన్నా పేరు రాయాలి, అదే లైసెన్సు కింద పంచాలి అని తగువులొస్తాయి. పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్‌లో 3.8.6 దగ్గర్నుంచి ఉదాహరణ కోడ్‌ని జీరో-క్లాజ్ బీఎస్‌డీ కింద కూడా ఇస్తున్నారు. అది చాలా తేలిక, ఏ షరతూ లేదు. మేమూ కోడ్‌కి అదే పెట్టాం.

జూలై 10

స్పామ్ వచ్చేసింది. పొద్దున లేచేసరికి ఇటీవలి మార్పుల నిండా ఆన్‌లైన్ జూదం, బరువు తగ్గే మాత్రలు. పేజీల్ని మూకుమ్మడిగా తొలగించే న్యూక్ ఎక్స్‌టెన్షన్‌తో ఒక్క ఊపులో తుడిచేశాను. ఖాతా తెరిచేటప్పుడు ప్రశ్న అడిగే క్వెస్టీ క్యాప్చా పెడదామనుకున్నాం.

ప్రశ్న ఏం పెట్టాలన్నదే తేలలేదు. "ఆర్కే బీచ్‌లో ఒడ్డు మీదున్న సబ్‌మెరైన్ పేరేంటి?" అన్నాడు కుర్రాడు. కురుసుర పేరు విశాఖలో బడిపిల్లలకీ తెలుసు, కరీంనగర్‌లో వికీ తెరిచినవాడికి తెలియాలని రూలేం లేదు కదా. చివరికి చిన్నాన్న తేల్చారు: "ఉగాది పచ్చడిలో రుచులెన్నో అడగండమ్మా. అది తెలీని తెలుగోడు పైథాన్ నేర్చి ఏటి చేస్తాడు?" జవాబుల్లో ఆరు, అంకెలో 6, తెలుగు అంకె ౬ మూడూ ఒప్పుకునేలా పెట్టాను. ఆ తర్వాత బాట్లు ఆగాయి.

జూలై 19, శనివారం

గాజువాక కుర్రాడు అర్ధరాత్రి మెసేజ్: "అక్కా, మన పేజీలో కోడ్ కాపీ చేసి రన్ చేస్తే ఎర్రర్. కోడ్‌లో ఒక్క తప్పూ లేదు."

నిజంగానే లేదు, కంటికి. ఎర్రర్ ఏమంటోందంటే, సింటాక్స్ ఎర్రర్, కనిపించని క్యారెక్టర్ యూ+200సీ చెల్లదు అని. అప్పుడు అర్థమైంది. అది మన తెలుగు టైపింగులో నిత్యం వాడే జీరో విడ్త్ నాన్ జాయినర్. "పైథాన్‌లో" అని రాసేటప్పుడు న్ కింద ల ఒత్తు పడకుండా, పొల్లు విడిగా నిలిచేలా మధ్యలో పెట్టే కనిపించని గుర్తు. ఆ పేజీ రాసినవాళ్లు తెలుగు కీబోర్డులోంచి ఇంగ్లిష్‌కి మారే తొందరలో, ప్రింట్ అనే మాటకీ బ్రాకెట్‌కీ మధ్య అది పడిపోయింది. స్ట్రింగ్ (కోట్ల మధ్య రాత) లోపలో కామెంటులోనో ఉంటే పైథాన్ పట్టించుకోదు. బయట ఉంటే ఒప్పుకోదు.

తెలుగు పేర్లతో వేరియబుల్స్ పెట్టుకోవచ్చు కూడా, పెప్ 3131 అనే ప్రతిపాదన వల్ల పైథాన్ 3లో ఆ వెసులుబాటు మొదట్నుంచీ ఉంది. కానీ ఆ పేర్లలోనూ ఈ గుర్తు చెల్లదు. "మార్కులు" అన్న వేరియబుల్ పనిచేస్తుంది. "మార్క్‌లు" అని పొల్లు విడగొట్టి రాస్తే పనిచేయదు.

ఇదే గుర్తు పేజీల పేర్లలోనూ ఏడిపిస్తోంది. "పైథాన్‌లో ఫైళ్లు" అన్న పేజీ, ఆ గుర్తు లేకుండా "పైథాన్లో ఫైళ్లు" అన్న పేజీ మీడియావికీకి రెండు వేర్వేరు పేజీలు. గుర్తు ఉన్న ప్రతి పేరుకీ, లేని పేరు నుంచి దారిమార్పు పెట్టాలని రూలు రాసుకున్నాం.

కుర్రాడు ఊరుకోలేదు. పైవికీబాట్ అనే లైబ్రరీతో, వికీ పేజీల్ని తనంతట తానే చూసుకునే బాట్ రాస్తానన్నాడు. అది ప్రతి పేజీలో కోడ్ పెట్టెలు వెతికి, లోపలి కోడ్‌ని పైథాన్‌లోని ఏఎస్‌టీ మాడ్యూల్‌తో పార్స్ చేసి, అంటే నడపకుండానే వ్యాకరణం సరిచూసి, తేడా వస్తే ఆ పేజీని "కోడ్ చూడాలి" వర్గంలో పడేస్తుంది. సర్వర్ మీద, లైబ్రరీలు ఎక్కించే పిప్‌తో పైవికీబాట్ పెట్టబోతే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఎర్రర్. ఉబుంటు తన పైథాన్‌ని తనే చూసుకుంటుంది, వేలు పెట్టొద్దని దానర్థం. వెన్వ్, అంటే విడిగా ఒక పైథాన్ గది, కట్టుకుని అందులో పెట్టాం. ఈ ఎర్రర్‌కీ ఒక పేజీ పుట్టింది.

జూలై 26

మేడమ్‌తో చిన్న వాదన. ఆవిడ సిలబస్ వరుసలో పేజీల చెట్టు గీసుకొచ్చారు: పరిచయం, డేటా టైపులు, ఆపరేటర్లు, కంట్రోల్ స్టేట్‌మెంట్లు. చక్కగా ఉంది. కాకపోతే ఇన్ని వారాల్లో ఆపరేటర్ల పేజీని రాసినవాళ్లు తప్ప ఎవరూ తెరవలేదు. జనం తెరిచినవి మైక్రోసాఫ్ట్ స్టోర్ పేజీ, పిప్ ఎర్రర్ పేజీ, ఇండెంటేషన్ ఎర్రర్ పేజీ. ఆపరేటర్లు నేర్చుకోవడానికి పుస్తకాలున్నాయి, వీడియోలున్నాయి. రాత్రి పదింటికి రికార్డు పూర్తి చేసుకుంటున్నవాడికి తెర మీద ఎర్రటి అక్షరాలు కనిపించినప్పుడే వికీ గుర్తొస్తుంది.

"అలాగని పునాది వదిలేస్తామా?" అన్నారు మేడమ్. వదలొద్దు. ప్రతి ఎర్రర్ పేజీ అడుగున "ఇది ఎందుకొస్తుంది" అని ఒక భాగం పెట్టి, అక్కడ్నుంచి పాఠానికి లింకు ఇద్దామన్నాను. ముందు మంట ఆర్పి, తర్వాత వైరింగ్ సంగతి మాట్లాడటం. ఆవిడ ఒప్పుకున్నారు గానీ చెట్టు బొమ్మని మాత్రం మొదటి పేజీలోంచి తీయనివ్వలేదు. ఉండనీ.

ఆగస్టు 2

ఎర్రర్ పేరే పేజీ పేరుగా పెడదామని తేల్చుకున్నాం గానీ, మీడియావికీ కొన్నింటికి అడ్డం పడింది. తెర మీద కనిపించిన ఇంగ్లిష్ ఎర్రర్‌ని యథాతథంగా పేజీ పేరు చేసి, దాన్నుంచి తెలుగు పేజీకి దారిమార్పు పెడుతున్నాం. అలాగైతే కాపీ చేసి వెతుకు పెట్టెలో అతికించగానే దొరుకుతుంది. కానీ పేజీ పేర్లలో చదరపు బ్రాకెట్లు, మీసాల బ్రాకెట్లు, చిన్నది-పెద్దది గుర్తులు, హ్యాష్, నిలువు గీత చెల్లవు. ఫైల్ దొరకలేదన్న ఎర్రర్‌లో ఎర్ర్‌నో 2 అన్నది చదరపు బ్రాకెట్లలోనే వస్తుంది. స్ట్రింగుని అంకెతో పోల్చినప్పుడు వచ్చే టైప్ ఎర్రర్ అయితే చిన్నది గుర్తుతోనే మొదలవుతుంది. కొత్తవాళ్లకి రోజూ తగిలేవి ఈ రెండే. ఇలాంటివాటికి పేరులో గుర్తులు తీసేసి, పూర్తి ఎర్రర్‌ని పేజీ లోపల మొదటి లైనులో పెడుతున్నాం. వెతుకులాటలో దొరికితే చాలు.

పొడవు సంగతీ ఉంది. పేజీ పేరు 255 బైట్లు మించకూడదు, తెలుగులో అది 85 యూనికోడ్ గుర్తులు. గుణింతం గుర్తు, పొల్లు, ఒత్తు అన్నీ లెక్కలోకే వస్తాయి. చిన్నాన్న పెట్టబోయిన ఒక పేరు ఏకంగా రెండు వాక్యాలు. "పేరు చిన్నదైతే మర్యాద తక్కువవుతాదేటమ్మా" అని ఆయనే నవ్వి కత్తిరించారు.

వెతుకులాటకి ఇంకో చిక్కు: "లిస్టు" అని వెతికితే "లిస్టులో", "లిస్టుని" అని ఉన్న పేజీలు రావు. మామూలు మీడియావికీ వెతుకు పెట్టె పూర్తి మాటనే పోలుస్తుంది. తెలుగులో విభక్తులన్నీ మాటకే అతుక్కుంటాయి కాబట్టి సగం పేజీలు జారిపోతాయి. మాట చివర నక్షత్రం గుర్తు * పెడితే వస్తాయని పెట్టె పక్కనే రాశాం. ఎలాస్టిక్‌సెర్చ్ అనే పెద్ద వెతుకు ప్రోగ్రాము పెట్టొచ్చు గానీ, మా 2 జీబీ సర్వర్ దాన్ని మోయలేదు.

ఆగస్టు 9

ఈ వారం అంతా చిన్నాన్నదే హవా. ఆయన రాసిన "తెలుగు స్ట్రింగులు" పేజీ వికీలో అన్నిటికన్నా బాగుంది. అసలు సంగతి ఆయనకి తగిలిన ప్రశ్నే: "విశాఖ" మూడక్షరాలు, పొడవు చెప్పే లెన్ ఫంక్షన్ మాత్రం 5 అంటోంది. "స్త్రీ" ఒక్క అక్షరం, దానికి 6 అంటోంది. పైథాన్ లెక్కపెట్టేది యూనికోడ్ గుర్తుల్ని. వ, గుడి, శ, దీర్ఘం, ఖ కలిపి ఐదు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు. "తెలుగు"ని తిరగేసి చూడమంటే మొదట దిక్కులేని కొమ్ము ఒకటి తేలుతుంది, ఎత్వం పోయి ల మీద కూర్చుంటుంది. మనం అక్షరం అనుకునేదాన్ని విడదీయాలంటే రెజెక్స్ అనే బయటి లైబ్రరీ ఎలా వాడాలో కూడా రాశారాయన.

పేజీ అడుగున విండోస్ గొడవ కూడా పెట్టారు. తెలుగు మాటల్ని ఫైల్లో రాయబోతే "చార్‌మ్యాప్ కోడెక్" రాయలేకపోయిందని ఎర్రర్. ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పకపోతే, విండోస్ తన పాత కోడ్ పేజీ వాడుతుంది, అందులో తెలుగు లేదు. తెలుగు రాసే ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఎర్రర్ ఇది, ఇంగ్లిష్‌లో మాత్రమే పనిచేసేవాడికి జన్మలో తగలకపోవచ్చు.

ఆగస్టు 16, శనివారం

కొత్తగా వచ్చిన కుర్రాడొకడు సూటిగా అడిగాడు. "ఏఐని అడిగితే క్షణంలో చెప్పేస్తుంది గదక్కా, మనం కూర్చుని రాయడం దేనికి?"

సగానికి సగం వాడన్నది నిజమే. మామూలు ఎర్రర్లకి నేనూ దాన్నే అడుగుతున్నాను. మేడమ్ ఏం మాట్లాడకుండా తన ల్యాబ్ సంగతి చెప్పారు. అక్కడి మెషీన్లలో ఇంకా విండోస్ 7 ఉంది. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7 మీద ఎక్కదు, అంచేత ల్యాబ్‌లో 3.8తోనే బండి నడుస్తోంది. పిల్లలు ఇంట్లో ఏఐని అడిగి, మ్యాచ్-కేస్ అనే కొత్త వాక్యనిర్మాణంతో మెనూ ప్రోగ్రాము రాసుకొచ్చారు. మ్యాచ్-కేస్ వచ్చింది 3.10లో. ల్యాబ్‌లో అందరికీ సింటాక్స్ ఎర్రరే, ఎందుకో ఒక్కరికీ తెలియలేదు. ల్యాబ్‌లో ఇంటర్నెట్ కూడా లేదు, అక్కడికక్కడ అడుగుదామన్నా దారి లేదు. తన ముందున్నది ఏ మెషీనో అడిగేవాడే చెప్పకపోతే ఏఐకి మాత్రం ఎలా తెలుస్తుంది?

దీంతో రెండు పనులు తేలాయి. ప్రతి పేజీ పైన "ఈ కోడ్ ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుంది" అని చూపే మూస పెట్టాలి. దాన్ని మనుషులు నింపితే మర్చిపోతారు. ఏఎస్‌టీ పార్స్‌కి ఫీచర్ వెర్షన్ అనే ఆప్షన్ ఉంది, 3.8 అని ఇస్తే మ్యాచ్-కేస్ లాంటి కొత్త వ్యాకరణం కనిపించగానే ఎర్రర్ ఇస్తుంది. అందుకని బాట్ రెండుసార్లు పార్స్ చేసి, 3.8లో తప్పిన పేజీలకి "ల్యాబ్‌లో నడవదు" అని చీటీ అంటిస్తుంది. కొత్త లైబ్రరీ ఫంక్షన్లని మాత్రం అది పట్టుకోలేదు, వ్యాకరణం వరకే దాని చూపు. అవి చేత్తో చూసుకోవాలి.

ఆగస్టు 23

రెండో పని ఆఫ్‌లైన్ కాపీ. ఇంటర్నెట్ లేకుండా వికీలు చదివించే కివిక్స్ కోసం వికీని ఒకే జిమ్ ఫైలుగా మార్చే ఎండబ్ల్యూఆఫ్‌లైనర్ నడిపాం. చిన్న వికీ కాబట్టి పెన్‌డ్రైవ్‌లో సులువుగా పట్టేసింది. కోడ్ రంగులు ఆఫ్‌లైన్లోనూ వచ్చాయి, వెతుకులాట కూడా. పాత మెషీన్లలో కొన్నింట్లో తెలుగు ఫాంట్ బాగోలేదు, ఒత్తులు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి. నోటో సాన్స్ తెలుగు కూడా అదే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాం.

ఆగస్టు 30

బ్యాకప్. రోజూ రాత్రి డేటాబేస్ డంప్, దస్త్రాల ఫోల్డరు, లోకల్‌సెట్టింగ్స్ ఫైలు. ఒక కాపీ చిన్నాన్న ఇంట్లో హార్డ్‌డిస్కులోకి. రెండోది హైదరాబాద్‌లో నా స్నేహితురాలి దగ్గరికి పోవాలని పట్టుబట్టింది ఆయనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. సర్వర్ ముంబైలో క్షేమంగా ఉన్నా, పాస్‌వర్డులు తెలిసినవాళ్లంతా విశాఖలోనే ఉంటే ఏం లాభం అన్నది ఆయన పాయింటు. నిర్వాహక హక్కులు స్నేహితురాలికీ ఇచ్చాం. ఆవిడ జావా మనిషి, అయినా ఒప్పుకుంది.

డంప్‌ని ఖాళీ మెషీన్ మీద తిరిగి ఎక్కించి చూశాం. పేజీలన్నీ వచ్చాయి, "కోడ్ పెట్టు" బటన్‌తో సహా. అది ఒక వికీ పేజీలోనే ఉంటుంది కాబట్టి.

సెప్టెంబరు 6, శనివారం

మేడమ్ ల్యాబ్ నుంచి కాగితం మీద పిల్లలు రాసిచ్చిన ఎర్రర్ల జాబితా వచ్చింది, చేతిరాతలో, స్పెల్లింగులు ఎవరిష్టం వాళ్లవి. ఉన్న పేజీలతో సరిచూస్తే సగం కూడా లేవు. ట్యాబులు, స్పేసులు కలిసిపోయిన ఎర్రర్ చాలామంది రాశారు, దానికి ఇంకా పేజీ లేదు. మా తొలి సభకొచ్చిన అమ్మాయి అది తీసుకుంది. రాండమ్ అనే పేరుతో తన ఫైలే సేవ్ చేసుకుని, రాండమ్ మాడ్యూల్ పనిచేయట్లేదని మొత్తుకున్నవాళ్లు ఇద్దరున్నారు, అది గాజువాక కుర్రాడికి. మిగతావి శనివారానికి ఒక్కొక్కరం రెండేసి పంచుకున్నాం. జిమ్ ఫైలు కొత్తది నెలకోసారి ల్యాబ్‌కి పంపాలి, మొదటిది ఈ నెలాఖరుకి.